నోరు తడారిపోతుంటే: కారణం వెతకడం, పళ్ళు కాపాడుకోవడం

నోరు తడారిపోతోందని ఎవరైనా అంటే మన ఇళ్ళలో వెంటనే వచ్చే మాట "నీళ్ళు సరిగ్గా తాగడం లేదు" అన్నదే. ఎండలో పొలం నుంచో సంత నుంచో ఇంటికి చేరిన మనిషి విషయంలో ఆ మాట సరైనదే. చెంబుడు నీళ్ళు తాగి కాసేపు నీడపట్టున కూర్చుంటే ఆ ఎండుదనం పోతుంది. అయితే నెలల తరబడి, నీళ్ళు తాగిన పది నిమిషాలకే నాలుక మళ్ళీ అంగిలికి అతుక్కుపోతూ, నడిరాత్రి రెండు మూడుసార్లు లేచి నోరు తడుపుకోవలసి వస్తుంటే, అక్కడ తక్కువైనది ఒంట్లో నీరు కాకపోవచ్చు, నోట్లో లాలాజలం కావచ్చు. ఈ తేడా తెలియకనే ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మన తెలుగు కుటుంబాల్లో చాలామంది పెద్దలు బిందెలకొద్దీ నీళ్ళు తాగుతూ కూడా ఒక్కొక్క పన్నూ పోగొట్టుకుంటున్నారు. ఈ వ్యాసం వారి కోసమూ, వారిని ఆసుపత్రికి వెంటబెట్టుకు వెళ్ళే కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళ కోసమూ రాస్తున్నది.

లాలాజలం చేసే పని

చెవుల ముందు ఒక జత, కింది దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత చొప్పున మూడు జతల పెద్ద గ్రంథులూ, పెదవుల్లోనూ బుగ్గల్లోనూ అంగిలిలోనూ చెదిరి ఉండే వందలాది చిన్న గ్రంథులూ కలిసి రోజుకు సుమారు అర లీటరు నుంచి లీటరున్నర వరకు లాలాజలాన్ని తయారుచేస్తాయి. అందులో 99 శాతం నీరే అయినా, మిగిలిన ఆ ఒక్క శాతంలోనే అసలు సరుకంతా ఉంది. నోటిని జారుగా ఉంచే జిగురు పదార్థం, పిండి పదార్థాలను విడగొట్టే ఎంజైము, సూక్ష్మజీవులను అదుపులో పెట్టే ప్రోటీన్లు, ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్, పంటి పైపొరకు తిరిగి బలమిచ్చే కాల్షియం, ఫాస్ఫేట్ అన్నీ అందులోనివే. మనం తీపి గాని పిండి పదార్థం గాని తిన్న ప్రతిసారీ నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఆమ్లం పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది, అది దాదాపు 5.5 కంటే కిందికి దిగితే పంటి పైపొర అయిన ఎనామెల్ కరగడం మొదలవుతుంది. లాలాజలం బాగా ఊరే నోట్లో అది కొద్దిసేపట్లోనే సర్దుకుంటుంది, ఊరని నోట్లో ఆ ఆమ్లం గంటల తరబడి అలాగే నిలిచి ఉంటుంది. మంచినీళ్ళు ఎంత తాగినా నోరు తడుస్తుందే తప్ప, లాలాజలం చేసే ఈ మరమ్మతు పని నీళ్ళు చేయలేవు.

నోరు ఎండినట్లు అనిపించడమూ, లాలాజలం నిజంగా తగ్గడమూ ఎప్పుడూ ఒకటే కావు. ఊరే పరిమాణం దాదాపు సగానికి పడిపోయేదాకా చాలామందికి ఏ తేడా తెలియదు. కాబట్టి ఎండుదనం తెలుస్తున్నదంటే గ్రంథుల పని అప్పటికే గణనీయంగా తగ్గి ఉండవచ్చు. మరోవైపు ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి, నోటితో గాలి పీల్చే అలవాటు ఉన్నవారికి గ్రంథులు సరిగ్గా పనిచేస్తున్నా నోరు ఎండినట్లే ఉంటుంది. ఏది ఎవరి పరిస్థితో తెలుసుకోవడానికి కొన్ని సంగతులు ఇంట్లోనే గమనించవచ్చు.

ఇంట్లో చూసుకోగలిగినవి

గుప్పెడు మరమరాలు, అంటే మన వైపు టీతోపాటు తినే ముఢీ, ఏమీ కలపకుండా తిని చూడండి. నీటి గుక్క లేకుండా మింగుడు పడకపోతే, ముద్ద బుగ్గల్లోనే అంటుకుని ఉండిపోతే, లాలాజలం తగ్గిందనడానికి అది మంచి ఆనవాలు. అప్పడం, అటుకులు, రొట్టె ముక్కల విషయంలోనూ ఇంతే. అద్దం ముందు నాలుక పైకెత్తి చూస్తే ఆరోగ్యవంతుల నోట్లో నాలుక కింద తడి నిలిచి మెరుస్తూ ఉంటుంది. ఆ చోటు పొడిగా ఉన్నా, ఉన్న కాస్త లాలాజలమూ నురగలా, తీగలా సాగుతున్నా గుర్తు పెట్టుకోండి. నాలుక మీద చీలికలు, పెదవుల మూలల్లో మానని పగుళ్ళు, మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు పట్టేయడం, కారం తగిలితే భరించలేని మంట, రుచులు మారిపోవడం, ఇదివరకు సరిగ్గా కూర్చునే కట్టుడు పళ్ళు వదులై జారిపోవడం కూడా ఇందులోకే వస్తాయి.

ఇంకాస్త కచ్చితంగా తెలుసుకోవాలనుకునేవారు కొలిచి చూడవచ్చు. ఉదయం ఏమీ తినక, తాగక, పళ్ళు తోమక ముందు, కదలకుండా కూర్చుని, నమలకుండా, చప్పరించకుండా, నోట్లో ఊరినదాన్ని ఊరినట్లే 15 నిమిషాలపాటు ఒక చిన్న గిన్నెలోకి వదలాలి. తరువాత సూది తీసేసిన సిరంజితో దాన్ని పీల్చి చూస్తే ఎన్ని మిల్లీలీటర్లో తెలుస్తుంది. నిమిషానికి 0.3 మిల్లీలీటర్ల చొప్పున నాలుగైదు మిల్లీలీటర్లు వస్తే బెంగ అక్కరలేదు. మొత్తం మీద 1.5 మిల్లీలీటర్లకు మించలేదంటే, అంటే నిమిషానికి 0.1 దగ్గరే ఆగిపోయిందంటే, వైద్యులు కూడా దాన్ని లోటుగానే లెక్కిస్తారు. ఆ అంకెను కాగితం మీద రాసుకుని వెళ్ళండి. "నోరు ఎండుతోంది డాక్టరుగారూ" అన్న మాట కంటే ఆ కాగితం బలంగా మాట్లాడుతుంది.

మందుల సంచి విప్పడం

దీర్ఘకాలం నోరెండడానికి అన్నిటికంటే తరచుగా కనిపించే కారణం మనం రోజూ వేసుకునే మాత్రలే. లాలాజల గ్రంథులు నరాల నుంచి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం ద్వారా ఆజ్ఞ అందుకుని పనిచేస్తాయి. ఆ ఆజ్ఞను అడ్డుకునే మందులు వందల సంఖ్యలో ఉన్నాయి. నరాల తిమ్మిరికీ, అరికాళ్ళ మంటకీ, నిద్రకీ ఇచ్చే ఎమిట్రిప్టిలిన్, జలుబుకీ దురదకీ ఇచ్చే క్లోర్‌ఫెనిరమిన్, హైడ్రాక్సిజిన్, కొంతవరకు సెటిరిజిన్, కడుపునొప్పికి వేసుకునే డైసైక్లోమిన్, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, సోలిఫెనసిన్, మానసిక వ్యాధుల మందులతోపాటు వణుకు రాకుండా ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, ఉబ్బసానికి పీల్చే టయోట్రోపియం, నొప్పికి వాడే ట్రమడాల్ ఆ వరుసలోనివే. బీపీకీ కాళ్ళ వాపుకీ ఇచ్చే, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వేరే దారిలో నోటిని ఎండబెడతాయి. వీటిలో ఏదో ఒకటి ఉంటే చాలామంది తట్టుకుంటారు, మూడు నాలుగు కలిసినప్పుడు గ్రంథులు చేతులెత్తేస్తాయి.

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పర్లాకిమిడిలో ఉండే మనిషి మోకాళ్ళ నొప్పికి పక్కనే ఉన్న పాతపట్నం వెళతాడు, బీపీకి బరంపురంలో చూపించుకుంటాడు, పెద్ద జబ్బంటే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కె.జి.హెచ్.) బయలుదేరతాడు. రాయగడ వారు పార్వతీపురానికీ విజయనగరానికీ, జయపురం వారు సాలూరు మీదుగా కిందికీ దిగుతారు. ఒక రాష్ట్రంలో రాసిన చీటీ మరో రాష్ట్రంలోని డాక్టరు చూడడు. చూపించాలన్న ఆలోచన మనకూ రాదు. మా బంధువుల్లో ఒక పెద్దావిడ గుడ్డసంచిలోని మాత్రల స్ట్రిప్పులను చేటలో పోసి వరుసగా పేర్చినప్పుడు కనిపించిన దృశ్యం ఇలా ఉంది: అరికాళ్ళ మంటకు ఎమిట్రిప్టిలిన్, కాళ్ళ వాపుకు మూత్రం మాత్ర, ఎప్పుడో కడుపునొప్పికి తెచ్చుకుని అలవాటుగా వేసుకుంటున్న డైసైక్లోమిన్, వీటితోపాటు దురదకు రెండు వేర్వేరు కంపెనీ పేర్లతో ఉన్న ఒకే మందు. రెండూ వేర్వేరు మందులనుకుని ఆవిడ రెండింటినీ రోజూ వేసుకుంటున్నారు. ఒకటి ఏ డాక్టరు రాశారో, రెండోది ఏ దుకాణంలో ఇచ్చారో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. బరంపురంలో ఉండే వైద్యుడొకరు ఆ చేటను ఫోటోలో చూసి, అనవసరమైన రెండింటిని మాన్పించి, ఎమిట్రిప్టిలిన్ మోతాదును నెమ్మదిగా తగ్గించిన తరువాత ఆవిడ నోరు పూర్తిగా కాకపోయినా చాలావరకు తేరుకుంది.

కాబట్టి చేయవలసిన మొదటి పని ఇదే. ఇంట్లో ఉన్న ప్రతి స్ట్రిప్పునూ, నాటు మందునూ, చుక్కల సీసానూ, పీల్చే మందునూ ఒకచోట పెట్టి, కంపెనీ పేరు పక్కన చిన్న అక్షరాలతో ఉండే అసలు మందు పేరును కాగితం మీద రాయండి. ఎప్పుడు మొదలుపెట్టారో రాయండి, నోరు ఎండడం ఎప్పటి నుంచో రాయండి. రెండు తేదీలూ దగ్గరపడితే కారణం చాలావరకు చేతికి చిక్కినట్లే. అంతమాత్రాన ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపకూడదు. బీపీ మాత్ర గాని, మానసిక వ్యాధి మాత్ర గాని, ఎమిట్రిప్టిలిన్ గాని ఉన్నట్టుండి మానేస్తే నోరెండడం కంటే పెద్ద ప్రమాదం ముంచుకు రావచ్చు. ఆ కాగితాన్ని డాక్టరు ముందు పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఇందులో ఇక అవసరం లేనిది ఏదైనా ఉందా? నోటిని తక్కువగా ఎండబెట్టే మందు దీని స్థానంలో దొరుకుతుందా? రాత్రివేళ లాలాజలం ఎటూ తగ్గిపోతుంది కనుక రాత్రి మాత్రను పగటికి మార్చవచ్చా, లేదా రెండుగా విడదీయవచ్చా? మూడో ప్రశ్నకు ప్రతి మందు విషయంలోనూ అవునన్న సమాధానం రాదు, నిద్ర వచ్చే మాత్రను ఉదయం వేసుకోలేం కదా.

మాత్రలు కాకపోతే

నోరెండడంతోపాటు మూత్రం తరచుగా పోవడం, బరువు తగ్గడం ఉంటే రక్తంలో చక్కెర పరీక్ష ముందు చేయించాలి. అదుపు తప్పిన మధుమేహం ఒంట్లోని నీటిని మూత్రం ద్వారా బయటికి లాగేస్తుంది. చక్కెర అదుపులోకి వస్తే నోరు కూడా చాలావరకు సర్దుకుంటుంది. అయితే చక్కెర మామూలుగా ఉందని తేలగానే "ఏమీ లేదు" అని ఊరుకోవడం మన వైపు ఎక్కువ. అక్కడ ఆగిపోకూడదు.

నడివయసు దాటిన స్త్రీలలో నోటితోపాటు కళ్ళు కూడా ఎండిపోయి, ఇసుక పడినట్లు గరగరలాడుతూ, కీళ్ళ నొప్పులూ విడవని నీరసమూ ఉంటే షోగ్రెన్ వ్యాధిని అనుమానించాలి. శరీరంలోని రక్షణ వ్యవస్థే దారి తప్పి లాలాజల గ్రంథుల మీదా, కన్నీటి గ్రంథుల మీదా దాడి చేసే జబ్బు ఇది. స్వీడన్ దేశపు కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో దీన్ని వివరంగా వర్ణించాడు కనుక ఆయన పేరే దీనికి నిలిచింది. రోగుల్లో దాదాపు పదింట తొమ్మిదిమంది స్త్రీలే. కింది కనురెప్పలో సన్నని కాగితపు పట్టీ పెట్టి 5 నిమిషాల్లో ఎంత మేర తడుస్తుందో చూసే పరీక్ష, యాంటీ-రో అనే రక్తపరీక్ష, అవసరమైతే కింది పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్షలతో దీన్ని నిర్ధారిస్తారు. ఈ వ్యాధి ఉన్నవారికి చెవి ముందు వాపు వచ్చి తగ్గకుండా ఉండిపోతే ఆలస్యం చేయకుండా చూపించాలి, ఎందుకంటే వారిలో కొద్దిమందికి లింఫు గ్రంథుల క్యాన్సర్ వచ్చే ముప్పు ఉంది. హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. కూడా నోటిని ఎండబెట్టగలవు, సందేహం ఉంటే ఆ పరీక్షలూ అడిగి చేయించుకోవచ్చు.

నోటికి, గొంతుకు రేడియేషన్ చికిత్స తీసుకున్నవారిది వేరే కథ. కటక్‌లోని ఆచార్య హరిహర క్యాన్సర్ ఆసుపత్రికో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్ళి చికిత్స చేయించుకుని వచ్చినవారు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. చికిత్స మొదలైన మొదటి వారాల్లోనే లాలాజలం పడిపోతుంది, పూర్తిగా తిరిగి రావడం అరుదు. వీరు మరచిపోకూడని సంగతి ఒకటుంది. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు మానే శక్తి తగ్గిపోతుంది. కొన్నేళ్ళ తరువాత అయినా సరే, ఊళ్ళోని పళ్ళ డాక్టరు దగ్గర పన్ను పీకించుకుంటే ఆ గుంట మానక, ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది. అందుకే పీకవలసిన పళ్ళను రేడియేషన్‌కు ముందే పీకించుకోవాలి, తరువాత ఏ పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చున్నా మొదటి మాటగా ఆ చికిత్స సంగతే చెప్పాలి.

ఇక పొగాకు. ఒడిశాలో పళ్ళు తోముకునే పేరుతో వాడే గుడాఖు నిజానికి బెల్లం కలిపిన పొగాకు ముద్ద. అది పళ్ళను శుభ్రం చేస్తుందనుకుని తెల్లవారగానే వేలికి రాసుకునేవారికి అది ఒక మత్తు అలవాటుగా మారిపోతుంది. శ్రీకాకుళం నుంచి గంజాం తీరం దాకా మత్స్యకార కుటుంబాల్లో పెద్ద వయసు స్త్రీలు నిప్పు నోటి లోపల ఉండేటట్లు కాల్చే అడ్డచుట్ట అంగిలిని సూటిగా కాలుస్తుంది. ఆ అంగిలి మీద పుట్టే తెల్లమచ్చలు క్యాన్సర్‌గా మారవచ్చు. వక్క, గుట్కా, ఖైనీ నమిలేవారికి బుగ్గలు లోపల గట్టిపడి నోరు తెరుచుకోవడమే తగ్గిపోతుంది. మూడు వేళ్ళు నిలువుగా పట్టనంతగా నోరు బిగుసుకుపోతే ఇక ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకూడదు. నోరెండితే పాన్ వేసుకుంటే ఊట వస్తుందని వాదించేవారికి చెప్పగలిగింది ఒక్కటే: ఊట వస్తుంది, వెంట వక్క కూడా వస్తుంది.

పగలు ఏం చేయాలి

నీళ్ళు గడగడా తాగడం కంటే, చిన్న సీసా వెంట ఉంచుకుని అప్పుడప్పుడూ ఒక గుక్క తీసుకుని, నోరంతా తిప్పి, నెమ్మదిగా మింగడం మేలు. ఒకేసారి లోటాడు నీళ్ళు తాగితే నోట్లో మిగిలి ఉన్న కాస్త జిగురు పొర కూడా కడుక్కుపోతుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి, డయాలిసిస్ మీద ఉన్నవారికి డాక్టర్లు నీటి కొలత పెడతారు. వారు నోరెండిందని ఆ కొలత దాటకుండా, పుక్కిలించి ఉమ్మివేయడమో, చిన్న ఐసు ముక్కను చప్పరించడమో చేయాలి.

నమలడం గ్రంథులను మేల్కొల్పుతుంది. చక్కెర లేని, దాని బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్ గమ్ ఇందుకు అన్నిటికంటే మంచిది. చిన్న ఊళ్ళలో దొరకకపోయినా బరంపురం, విశాఖ మందుల దుకాణాల్లో అడగవచ్చు, ఆన్‌లైన్లో తెప్పించుకోవచ్చు. మోతాదు మించితే విరేచనాలు అవుతాయి, ఇంట్లో కుక్క ఉంటే దానికి అందనివ్వకండి, జైలిటాల్ కుక్కలకు విషం. గమ్ నమలలేని పెద్దవారు దోర జామకాయ ముక్కో, పచ్చికొబ్బరి ముక్కో, కీరదోస ముక్కో నెమ్మదిగా నమలవచ్చు. పటికబెల్లం ముక్కో, నిమ్మతొనో, పిప్పరమెంటు బిళ్ళో బుగ్గన పెట్టుకుని రోజంతా ఉండే అలవాటును మాత్రం ఈ రోజే మానుకోవాలి. లాలాజలం లేని నోట్లో చక్కెర, పులుపు గంటల తరబడి నిలిచి ఉండడం కంటే పళ్ళకు హాని చేసేది మరొకటి లేదు. గ్లూకోజు పొడి కలిపిన నీళ్ళను సీసాలో పోసుకుని రోజంతా చప్పరించేవారికీ, అరగంటకో చక్కెర టీ తాగేవారికీ ఇదే వర్తిస్తుంది. టీ మానలేనివారు భోజనంతోపాటు తాగితే, విడిగా మాటిమాటికీ తాగడం కంటే నష్టం తక్కువ.

భోజనం విషయంలో మన వైపు ఆహారమే సగం వైద్యం చేస్తుంది. చోడి (రాగి) అంబలి, గంజి, పలుచని మజ్జిగ, పెరుగన్నం, చారు ఎక్కువగా పోసుకున్న మెత్తని అన్నం, మెత్తగా ఉడికిన పప్పు, ఆనపకాయ కూర తేలికగా దిగుతాయి. పఖాళ, అంటే మన చద్దన్నం, తడిగా ఉండి హాయినిస్తుంది గాని బాగా పులిసిందైతే తిన్న వెంటనే నోరు పుక్కిలించాలి. ఎండుచేపల వేపుడు, ఆవకాయ, అప్పడం, పచ్చిమిరపకాయ కొరుక్కోవడం కొంతకాలం పక్కన పెట్టండి. బరంపురం అప్పడాలకు అలవాటుపడిన నాలుకకు ఇది కష్టమే అయినా, మంట తగ్గాక కొద్దికొద్దిగా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. సారా, ఇప్పసారా నోటిని మరింత ఎండబెడతాయి. మందుల దుకాణంలో దొరికే మౌత్‌వాష్‌లలోనూ చాలావాటిలో ఆల్కహాలు ఉంటుంది, సీసా మీద చదివి, లేనిదాన్నే తీసుకోండి.

ఇంట్లో చేసుకోగలిగిన పుక్కిలింపు నీళ్ళు అంతకంటే చౌక. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో అర టీస్పూను ఉప్పు, అర టీస్పూను తినేసోడా కలిపి, రోజులో నాలుగైదుసార్లు, ముఖ్యంగా తిన్న తరువాత, పుక్కిలించి ఉమ్మివేయాలి. మింగకూడదు, ముఖ్యంగా బీపీ ఉన్నవారు. ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలుపుకోవాలి. కిరాణా కొట్లో ఉత్త "సోడా" అని అడిగితే బట్టల సోడా పొట్లం చేతిలో పెట్టే అవకాశం ఉంది, తినేసోడా అని స్పష్టంగా చెప్పి తెచ్చుకోండి. దీనితో చాలనివారికి కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ అనే జిగురు పదార్థంతో చేసిన కృత్రిమ లాలాజలం ద్రవంగానో, జెల్‌గానో దొరుకుతుంది. అది గ్రంథులను బాగుచేయదు, కొద్దిసేపు నోటిని జారుగా ఉంచుతుంది, అంతే. భోజనానికి ముందూ, పడుకోబోయే ముందూ వాడుకుంటే ఖర్చుకు తగిన ఫలితం ఉంటుంది.

పళ్ళను కాపాడుకోవడం

నోరెండినవారి పళ్ళు మామూలు పళ్ళు పుచ్చే చోట పుచ్చవు. చిగురుకు ఆనుకుని ఉండే మొదట్లోనూ, కొరికే అంచుల మీదా మచ్చలు మొదలై, నెలల్లోనే పన్ను మొదలంటా విరిగిపోతుంది. ముందు పళ్ళ మొదట్లో గోధుమరంగు గీత కనబడితే అదే మొదటి హెచ్చరిక. దీనికి ఎదురు నిలిచే ఆయుధం ఫ్లోరైడ్. మన దేశంలో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల వంతుల్లో వెయ్యి వంతులు) మించకూడదనీ, ఎంత ఉందో ట్యూబు మీద అచ్చు వేయాలనీ నిబంధన ఉంది. ఆయుర్వేదం పేరుతో అమ్మే చాలా పేస్టుల్లో అది అసలే ఉండదు, కాబట్టి పెట్టె తిప్పి చదివి 1000కి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ఉదయం ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు తప్పనిసరిగా ఒకసారి, మెత్తని బ్రష్షుతో తోమి, నురగ ఉమ్మివేసి, నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేయండి. పళ్ళు తోమాక నీళ్ళు పుక్కిలించకపోవడం మన ఇళ్ళలో అపచారంలా అనిపిస్తుంది గాని, పంటి మీద ఫ్లోరైడ్ నిలిచి పనిచేయడానికి ఆ మాత్రం అపచారం తప్పదు. పులుపు తిన్నా, వాంతి అయినా వెంటనే తోమకుండా, నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగాలి.

బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు, బూడిద ఎండిన నోట్లోని పళ్ళను గీకేస్తాయి. వేపపుల్ల వేసుకునేవారు అది వేసుకున్నా రాత్రికి పేస్టు మానవద్దు. పళ్ళ డాక్టరు దగ్గర ఆరు నెలలకోసారి కాక మూడు నాలుగు నెలలకోసారి చూపించుకుని, ఫ్లోరైడ్ వార్నిష్ పూయించుకోండి. రోజూ పుక్కిలించే సోడియం ఫ్లోరైడ్ ద్రావణం అవసరమేమో ఆయననే అడగండి.

నోట్లో తెల్లని పెరుగు తరకల్లాంటివి గాని, కట్టుడు పళ్ళ కింద ఎర్రని మంట గాని వస్తే అది ఫంగస్ పని. క్లోట్రిమజోల్ మౌత్ పెయింటో, నిస్టాటిన్ చుక్కలో డాక్టరు రాస్తారు. కట్టుడు పళ్ళను రాత్రి తప్పనిసరిగా తీసి, తోమి, నీళ్ళ గిన్నెలో ఉంచాలి. వాటితోనే పడుకుంటే ఎన్ని మందులు పూసినా ఫంగస్ తిరిగి వస్తుంది. ఉబ్బసానికి స్టెరాయిడ్ పీల్చేవారు ప్రతిసారీ నోరు పుక్కిలించాలి.

రాత్రి

నిద్రలో లాలాజలం ఆరోగ్యవంతులకు కూడా దాదాపు ఆగిపోతుంది. కనుక ఈ జబ్బు ఉన్నవారికి రాత్రే కష్టం. ముక్కు దిబ్బడ ఉంటే ముందు దాన్ని చూసుకోండి, నోటితో గాలి పీల్చేవారికి ఏ జెల్ పనిచేయదు. పెద్దగా గురక పెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగినట్లయ్యేవారికి, నిద్రలో ఊపిరి ఆగే ఆ జబ్బుకు పరీక్ష వేరే చేయించాలి. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగలకుండా మంచం జరపండి. కోరాపుట్, రాయగడ కొండల్లో చలికాలపు పొడిగాలికి గదిలో వెడల్పాటి గిన్నెతో నీళ్ళు పెట్టడం కొంత మేలు చేస్తుంది. పెదవులకు వెన్నపూసో, వాజలైనో రాసుకుని, మంచం పక్కన మరచెంబు ఉంచుకోండి. మెలకువ వచ్చినప్పుడు ఒక గుక్కతో నోరు తడుపుకుంటే చాలు, గ్లాసుడు తాగితే గంటకోసారి మూత్రానికి లేవవలసి వస్తుంది, చీకట్లో జారిపడే పెద్దల సంఖ్య తక్కువేమీ కాదు.

ఆసుపత్రిలో

గ్రంథుల్లో ఇంకా కొంత శక్తి మిగిలి ఉన్నవారికి లాలాజలాన్ని ఊరించే మందు ఉంది. పైలోకార్పిన్ మాత్రను సాధారణంగా 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు ఇస్తారు. చెమటలు పట్టడం దాని ముఖ్యమైన ఇబ్బంది, మన ఉక్కపోతలో అది చిన్న ఇబ్బందేమీ కాదు. అదుపులో లేని ఉబ్బసం ఉన్నవారు, ఒక రకం గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవారు, గుండె జబ్బు ఉన్నవారు ఆ సంగతి చెప్పకుండా దీన్ని వాడరాదు. కొట్లో అడిగి తెచ్చుకునే మందు కాదిది.

ఎవరికి చూపించాలన్న ప్రశ్నకు, మొదట దగ్గరలోని పళ్ళ డాక్టరు చాలు. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం బుగ్గకు అతుక్కుంటోందా, నాలుక కింద తడి ఉందా చూసి ఆయనే చెప్పగలడు. కళ్ళు, కీళ్ళు కూడా బాధపెడుతుంటే బరంపురంలోని ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలోనో, విశాఖ కె.జి.హెచ్.లోనో జనరల్ మెడిసిన్ విభాగంలో చూపించి, అక్కడి నుంచి కావలసిన చోటికి పంపించమనవచ్చు. రెండు రాష్ట్రాల చీటీలూ, మందుల కాగితమూ, లాలాజలం కొలిచిన అంకే ఒకే కవరులో పెట్టుకుని వెళ్ళండి. "దాహంగా ఉంది" అని మాత్రమే చెబితే చక్కెర పరీక్ష రాసి పంపేస్తారు. నీళ్ళు లేకుండా అన్నం మింగలేకపోతున్నాననీ, రాత్రి ఇన్నిసార్లు లేస్తున్నాననీ, పళ్ళు మొదట్లో పుచ్చుతున్నాయనీ విడమరిచి చెప్పాలి.

తినేటప్పుడల్లా దవడ కింద వాపు వచ్చి తగ్గుతుంటే గ్రంథి నాళంలో రాయి ఉండవచ్చు. జ్వరంతో, నొప్పితో గ్రంథి వాస్తే దానికి చీము పట్టి ఉండవచ్చు, ఆ రోజే వెళ్ళాలి. రెండు వారాలకూ మానని పుండు, ఎర్రని లేదా తెల్లని మచ్చ, గట్టి గడ్డ, నోరు తెరుచుకోవడం తగ్గిపోవడం, వీటిలో ఏది కనిపించినా, పొగాకు అలవాటు ఉన్నా లేకపోయినా, సంక్రాంతి పోయాక చూద్దామని, పెళ్ళి పనులయ్యాక చూద్దామని వాయిదా వేయకుండా చూపించండి.